గోల్కొండలో మూడు చప్పట్లు

గోల్కొండ కోటకు వెళ్లిన వారందరూ మొట్టమొదట చేసే పని ఒకటుంది. బాలా హిస్సార్ దర్వాజా దాటి లోపల అడుగుపెట్టగానే ఒక గుమ్మటపు మండపం వస్తుంది. దాని కింద ఒకచోట నిలబడి గట్టిగా చప్పట్లు కొడతారు. ఆ చప్పుడు కొండ కొసన ఉన్న బారాదరిలో స్పష్టంగా వినబడుతుందని గైడ్లు చెబుతారు. విన్నవారు అబ్బురపడి సుబ్‌హానల్లాహ్ అంటారు, ఫోటోలు తీసుకుంటారు, ముందుకు సాగిపోతారు.

గత శీతాకాలంలో మేము కూడా అదే చేశాము. కాని మాతో వచ్చిన మా అబ్బాకు చెవులు వినబడవు. అందువల్ల అందరికీ వినోదమైన ఆ చప్పట్లు మా కుటుంబానికి ఒక ప్రశ్నగా మారాయి. ఆ ప్రశ్నను, దానికి దొరికినంత సమాధానాన్ని పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఒక ముఅజ్జిన్ మౌనం

మా అబ్బా గుంటూరు జిల్లాలోని ఒక పల్లెలో ముప్పై ఏళ్లకు పైగా ధాన్యపు మిల్లులో పనిచేశారు. పగలంతా మిల్లు యంత్రాల హోరు, తోలు బెల్టుల మోత. ఆ మోత ఆగిన వేళల్లో ఆయన మా ఊరి చిన్న మసీదులో అజాన్ ఇచ్చేవారు. మైకు లేని రోజులవి. మసీదు ముందున్న ఇటుకల అరుగెక్కి, చెవుల మీద చేతులుంచుకుని ఆయన ఎత్తిన గొంతు చెరువుగట్టు దాకా వినిపించేదని పెద్దలు చెప్పుకునేవారు. ఫజ్ర్ అజాన్ వినిపించగానే ముస్లిమేతర రైతులు కూడా నిద్రలేచి పొలాలకు నీరు పెట్టుకునేందుకు బయలుదేరేవారు.

ఆ మిల్లు మోతే క్రమేణా ఆయన వినికిడిని తినివేసింది. మన చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో ఒక చిన్న భాగముంటుంది. అందులోని వెంట్రుకల వంటి అతి సున్నితమైన కణాలు గాలి ప్రకంపనలను అందుకుని, నరాల ద్వారా మెదడుకు చేరవేస్తాయి. ఏళ్ల తరబడి పెద్ద మోతలో ఉండేవారికి ఆ కణాలు నశిస్తాయి. ఒకసారి నశిస్తే మనిషిలో అవి మళ్లీ మొలవవు. వైద్యుడు ఈ సంగతి చెప్పినప్పుడు అబ్బా ఆయన పెదవుల వైపే చూస్తూ కూర్చున్నారు.

అమ్మీ మరణించిన తర్వాత అబ్బాను హైదరాబాద్‌లోని మా ఇంటికి తీసుకువచ్చాను. వినికిడి యంత్రం కొన్నాము. అది మాటలను పెంచడం లేదనీ, గోలనే పెంచుతోందనీ ఆయన దానిని పెట్టెలో పెట్టేశారు. అప్పటినుంచి మా సంభాషణ అంతా ఒక నోటుపుస్తకంలోనే. మేము రాస్తాము, ఆయన చదివి నోటితో జవాబు చెబుతారు. కొన్నాళ్లకు ఆ జవాబులు కూడా తగ్గాయి. నన్ను అన్నింటికంటే ఎక్కువ బాధించినది మరొకటి. దివ్య ఖుర్ఆన్ పారాయణాన్ని బిగ్గరగా చేయడం ఆయన మానివేశారు. ఎందుకని రాసి అడిగితే, "నా చెవికే చేరని గొంతు గొంతేనా నాయనా? తప్పు చదివినా నాకు తెలియదు" అన్నారు.

ఇంతలో ఒక మధ్యాహ్నం ఆయన స్నానాల గదిలో జారిపడ్డారు. నేను ఆఫీసులో, నా భార్య బడిలో, మా అమ్మాయి తన తరగతిలో ఉన్నాము. మేము తిరిగి వచ్చేసరికి అస్ర్ వేళ దాటింది. అల్లాహ్ దయవల్ల ఎముకలు విరగలేదు. పడకమీద పడుకోబెట్టిన తర్వాత ఆయన నాతో ఒక మాట అన్నారు: "పిలిచాననే అనుకుంటున్నాను. చాలాసార్లు పిలిచినట్టే ఉంది. కాని ఆ పిలుపు నాకు వినబడలేదు. ఇంట్లో ఎవరూ లేరు. మరి నేను పిలిచినట్టా, పిలవనట్టా?"

ఆ ప్రశ్నకు నోటుపుస్తకంలో ఏమి రాయాలో ఆ రోజు నాకు తోచలేదు.

కొండ మీదికి

అబ్బా కోలుకున్న తర్వాత తన యౌవనంలో ఒకసారి చూసిన గోల్కొండను మళ్లీ చూడాలని ఉందన్నారు. మెహదీపట్నం మీదుగా వెళితే మా ఇంటికి అది దూరమేమీ కాదు. ఒక ఆదివారం ఉదయం నలుగురమూ బయలుదేరాము.

కాకతీయుల కాలంలో ఇది మట్టికోట. తర్వాత బహమనీల చేతికి వచ్చింది. 1518లో సుల్తాన్ కులీ కుతుబ్ షాహీ రాజ్యానికి పునాది వేసినప్పుడు ఇదే రాజధాని అయింది. ఇబ్రాహీం కులీ కుతుబ్ షాహ్ పరిపాలించిన 1550–1580 సంవత్సరాల మధ్య కోట రాతిగోడలు మరింత బలపడ్డాయి. తెలుగు కవులను ఆదరించి, 'మల్కిభరాముడు' అని పిలిపించుకున్న సుల్తాను ఆయనే. 1591లో హైదరాబాద్ నగరం వెలిసిన తర్వాత కూడా ఆపద వచ్చినప్పుడు పాలకులు తలదాచుకున్నది ఈ కోటలోనే.

దాదాపు 400 అడుగుల ఎత్తున్న నల్లరాతి కొండ, దానిమీదికి మూడు వందలకు పైగా మెట్లు. ఆ మెట్లు ఎక్కడం అబ్బాకు సాధ్యం కాదు. అందుకని ఆయనా, నా భార్యా కింద మండపం దగ్గరే ఉండాలనీ, నేనూ మా అమ్మాయీ పైకి వెళ్లాలనీ నిర్ణయించుకున్నాము. బయలుదేరే ముందు అమ్మాయి నోటుపుస్తకంలో ఇలా రాసింది: "దాదా, మేము పైకి చేరగానే మీరు చప్పట్లు కొట్టండి. మేము వింటాము." అబ్బా చదివి నవ్వారు. "నాకే వినబడని చప్పట్లు మీకు ఎక్కడ వినబడతాయమ్మా" అన్నారు. అయినా సరేనన్నట్టు తలవూపారు.

దారిలో ఆయుధాగారం, అంబర్‌ఖానా అని పిలిచే ధాన్యపు గిడ్డంగి, మట్టిగొట్టాల ద్వారా నీటిని కొండమీదికి చేర్చిన ఏర్పాట్ల ఆనవాళ్లు కనిపిస్తాయి. తానా షా కాలంలో కంచర్ల గోపన్నను బంధించారని చెప్పే చీకటి గది కూడా ఈ దారిలోనే ఉంది. ఆయన అందులో పన్నెండేళ్లు గడిపాడని ప్రతీతి. మా అమ్మాయి ఆ గదిలోకి తొంగిచూసి, "అబ్బా, ఇక్కడ ఆయన పాడినప్పుడు ఎవరు విన్నారు?" అని అడిగింది. కాపలావాళ్లు వినివుంటారని చెప్పాను. "వాళ్లు కూడా వినకపోతే?" అంది. పిల్లల ప్రశ్నలు ఒక మెట్టు దగ్గర ఆగవు కదా.

కొండ చివరకు చేరే ముందు ఇబ్రాహీం కుతుబ్ షాహ్ పేరుతో పిలిచే చిన్న మసీదు ఉంది. రెండు మీనార్లు, ముందు కొద్దిపాటి ఆవరణ. అక్కడినుంచి చూస్తే ఒకవైపు కుతుబ్ షాహీ సమాధుల గుమ్మటాలు, మరోవైపు నగరం. ఇక్కడి నుంచి అజాన్ ఇచ్చిన ముఅజ్జిన్ గొంతు ఎంతదూరం వెళ్లేదో అనుకున్నాను. ఆ గొంతు అందిన వారెవరూ నేడు భూమి మీద లేరు.

బారాదరి చేరుకున్నాము. అమ్మాయి ఫోనులో తల్లికి చెప్పింది. ఫోనులో ఒక చప్పుడు వినిపించింది. ఆ వెంటనే, ఒక ఊపిరి తీసేంత వ్యవధిలో, అదే చప్పుడు గాలి మీదుగా మాకు చేరింది. చిన్నదే, కాని పొడిగా, స్పష్టంగా ఉంది. అమ్మాయి ఫోను ఆపేసి చెవికి చేయి అడ్డం పెట్టుకుంది. మరొకటి వినిపించింది. కాసేపటికి మూడవది వచ్చింది, అయితే చాలా సన్నగా. చుట్టుపక్కల యాత్రికుల మాటల్లో అది దాదాపు కలిసిపోయింది.

"మనం పైకి రాకపోయివుంటే దాదా చప్పట్లు ఉండేవా?" అని అడిగింది అమ్మాయి.

శబ్దం ఎక్కడ ఉంటుంది?

ఇది ఈ రోజు పుట్టిన ప్రశ్న కాదు. ఎవరూ గ్రహించనప్పుడు వస్తువు ఉన్నట్టేనా అనే వాదాన్ని 1710లో బర్క్‌లీ అనే ఐరిష్ తత్త్వవేత్త తన గ్రంథంలో విస్తరించి రాశాడు. అంతకు సుమారు ఏడు వందల ఏళ్ల ముందే మన ఇబ్నె సీనా శబ్దం గురించి ఇదే చర్చ చేశారు. 1037లో మరణించిన ఈ మహావైద్యుడు తన 'షిఫా' గ్రంథంలోని ఆత్మకు సంబంధించిన భాగంలో, శబ్దం బయట ఉన్న విషయమా లేక చెవిని తాకినప్పుడే పుట్టే విషయమా అని ప్రశ్నించుకున్నారు. ఆయన చూపిన తర్కం సామాన్యులకు కూడా అర్థమవుతుంది. మనం కళ్లు మూసుకుని ఉన్నా శబ్దం ఏ దిక్కునుంచి వస్తున్నదో చెప్పగలము. శబ్దం చెవిలోనే పుట్టేదైతే దానికి దిక్కు ఎలా ఉంటుంది? కనుక చెవికి చేరకముందే అది బయట ఉన్నదని ఆయన తేల్చారు. రెండు వస్తువులు బలంగా తాకినప్పుడో, బలంగా విడివడినప్పుడో గాలిలో అల లేస్తుందనీ, ఆ అలే శబ్దానికి కారణమనీ కూడా ఆయన వివరించారు.

నేటి విజ్ఞానశాస్త్రం ఆ మాటకు కొలతలు జోడించింది. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. సెకనుకు 20 నుంచి 20,000 సార్లు కంపించే అలలనే మనిషి చెవి అందుకోగలదు. ఏనుగులు అంతకంటే తక్కువ కంపనాలతో దూరంగా ఉన్న తమ మందతో సంభాషిస్తాయి. గబ్బిలాలు అంతకంటే ఎక్కువ కంపనాలతో చీకట్లో దారి వెదుక్కుంటాయి. మనకు నిశ్శబ్దంగా తోచే రాత్రి నిజానికి నిశ్శబ్దం కాదు.

1883లో ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు ఆ శబ్దం హిందూ మహాసముద్రంలో సుమారు 4,800 కిలోమీటర్ల దూరాన ఉన్న రోడ్రిగ్స్ ద్వీపంలో ఫిరంగి మోతలా వినిపించింది. ఆ దూరం దాటిన తర్వాత మనుషులెవరూ దానిని వినలేదు. కాని ఆ అల ఆగలేదు. గాలి పీడనాన్ని కొలిచే యంత్రాలు అది భూగోళాన్ని మూడుసార్లు చుట్టినట్టు నమోదు చేశాయి. చెవులకు అందడం ఆగిపోయిన చోట శబ్దం ఆగిపోలేదు.

గోల్కొండ చప్పట్ల రహస్యం కూడా ఇదే. మండపం పైకప్పూ, కమానులూ, రాతిగోడలూ ఆ అల నలువైపులా చెదిరిపోకుండా పట్టి, పైకి మళ్లిస్తాయి. పైన మనిషి ఉన్నాడా లేడా అని రాయి విచారించదు. బారాదరి ఖాళీగా ఉన్న రాత్రి కూడా కింద కొట్టిన చప్పట్లు పైకి వెళ్లే తీరతాయి. 'శబ్దం' అంటే గాలిలోని కదలిక అయితే, అది వినేవారు లేకున్నా ఉంటుంది. 'శబ్దం' అంటే వినికిడి అనుభవం అయితే, వినేవాడు లేనిదే అది లేదు. ఒకే మాటకు ఈ రెండు అర్థాలు ఉండటం వల్లనే వాదం తెగడం లేదు. అమ్మాయికి ఇంతవరకు చెప్పాను.

అయితే మా అబ్బా అడిగినది గాలి కదలిక గురించి కాదు.

వినేవాడు

మెట్లు దిగుతూ ఆలోచించాను. విశ్వాసికి ఈ ప్రశ్నలో ఒక భాగం మొదటినుంచీ తీరిపోయి ఉంది. అల్లాహ్ శుభనామాలలో 'అస్సమీ' ఒకటి. అంటే సర్వం వినేవాడు. అటువంటప్పుడు 'ఎవరూ వినని శబ్దం' అనేది మనుషుల లెక్కలోనిదే గాని సృష్టిలో లేదు.

దివ్య ఖుర్ఆన్‌లోని 58వ సూరా ఒక స్త్రీ మొరతో ఆరంభమవుతుంది. ఖౌలా బిన్తె సఅలబా (రజి) తన భర్త విషయంలో దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం)తో వాదించి, తన బాధను అల్లాహ్‌కు మొరపెట్టుకున్నారు. ఆ సమయంలో హజ్రత్ ఆయిషా (రజి) అదే ఇంట్లో ఒక మూలన ఉన్నారు. ఆ స్త్రీ మాటలు తనకు పూర్తిగా వినిపించలేదనీ, అల్లాహ్ మాత్రం ఆమె మొరను విని ఆయతులు అవతరింపజేశాడనీ ఆమె ఆశ్చర్యంతో చెప్పేవారు. ఒకే ఇంట్లో ఉన్నవారికి అందని గొంతు ఏడు ఆకాశాల పైకి అందింది.

హజ్రత్ యూనుస్ (అలై) సముద్ర గర్భంలో, చేప కడుపులో, చీకట్ల మధ్య నుంచి ప్రభువును పిలిచారు. అక్కడ వినే మనిషి లేడు, వినిపించే గాలీ లేదు. అయినా ఆ పిలుపుకు జవాబు లభించిందని 21వ సూరా తెలుపుతున్నది.

అజాన్ గురించి సహీహ్ బుఖారీలో ఒక ఉల్లేఖనం ఉంది. గొర్రెలన్నా, ఎడారి అన్నా ఇష్టపడే ఒక వ్యక్తికి హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఒక హితవు చెప్పారు. గొర్రెల దగ్గర, ఎడారిలో ఉన్నప్పుడు కూడా అజాన్ ఇస్తే గొంతెత్తి ఇవ్వమన్నారు. ముఅజ్జిన్ గొంతు అందినంత దూరంలో దానిని విన్న జిన్నాతులు, మానవులు, ప్రతి వస్తువూ ప్రళయదినాన అతని పక్షాన సాక్ష్యమిస్తాయని దైవప్రవక్త (సఅసం) నుంచి తాను విన్నానని ఆయన తెలిపారు. ఆ ఎడారిలో నమాజుకు వచ్చే మనిషి ఉండకపోవచ్చు. అయినా గొంతు తగ్గించమని చెప్పలేదు, ఎత్తమనే చెప్పారు.

మెట్ల చివర అబ్బా ఒక రాతిబల్ల మీద కూర్చుని ఉన్నారు. అమ్మాయి పరుగున వెళ్లి పుస్తకంలో రాసింది: "దాదా, మూడూ విన్నాము. కాని మూడోది చాలా సన్నగా వినిపించింది."

అబ్బా ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివారు. తర్వాత తలెత్తి, "మూడోది కావాలనే మెల్లగా కొట్టాను" అన్నారు. "నన్ను సంతోషపెట్టడానికి విన్నామని అబద్ధమాడతారేమోనని."

నేను పుస్తకం అందుకుని, ఆ గొర్రెల కాపరి హదీసును నాకు తెలిసినంతలో రాశాను. ఆయన దానిని చివరివరకు చదవలేదు. సగంలోనే, "ఇది మా ఉస్తాద్ అజాన్ నేర్పిన మొదటిరోజే చెప్పారు" అన్నారు. కాసేపు మౌనంగా ఉండి, "మరిచిపోయాను" అన్నారు.

మిగిలిపోయిన భాగం

ఇక్కడితో ముగిస్తే ఈ కథనం నాకు అనుకూలంగా ముగుస్తుంది. కాని చెప్పవలసినది మరొకటి ఉంది.

అబ్బా జారిపడిన రోజు సంగతి కొన్ని వారాల తర్వాత తెలిసింది. కింది వాటాలో ఉండే ఒక పెద్దావిడ ఆ మధ్యాహ్నం ఎవరో పిలుస్తున్నట్టు విన్నారట. ఇంకెవరింట్లోనో అనుకుని ఊరుకున్నారట. ఆమె ఈ మాట చెబుతూ కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆమెను నేను తప్పుపట్టలేదు, తప్పుపట్టే అర్హత నాకు లేదు కూడా. భోజనాల దగ్గర అబ్బా ఏదో చెబుతుంటే ఫోను చూస్తూ తలవూపిన రోజులు నాకు చాలా ఉన్నాయి. ఆయన మాట నా చెవిని తాకింది, నేను వినలేదు.

1687లో ఔరంగజేబు సేనలు ఎనిమిది నెలలు ముట్టడించినా ఈ కోట లొంగలేదు. చివరకు ఒక రాత్రి ద్రోహి చేతులు లోపలినుంచి తలుపు తెరిచాయి. శత్రువు రాకను చప్పట్లతో పైకి తెలిపే ఏర్పాటు ఎంత గొప్పదైనా, కింద ఉన్నవాడు చప్పట్లు కొట్టకపోతే పైనున్నవాడికి ఏమీ తెలియదు. పైనున్నవాడు చెవి ఒగ్గకపోతే కింద కొట్టినా ఫలితముండదు. రాతిగోడలు తమ పని తాము చేస్తాయి. మిగతాది మనుషుల బాధ్యత.

శబ్దం ఉందా లేదా అన్నది వినేవాడి మీద ఆధారపడదని గోల్కొండ మా అమ్మాయికి నేర్పింది. నాకు నేర్పినది వేరు. మన ఇళ్లలోని వృద్ధుల పిలుపు, రోగుల మూలుగు, చెప్పుకోలేని కోడలి నిట్టూర్పు మనం వినకపోయినంత మాత్రాన లేకుండా పోవు. అవి ఉంటాయి, ప్రభువు సన్నిధికి చేరుతాయి. అక్కడ ప్రశ్న వాటి గురించి ఉండదు, ఆ ఇంట్లో చెవులున్న వారి గురించి ఉంటుంది.

గోల్కొండ నుంచి వచ్చిన మూడవ రోజు ఫజ్ర్ తర్వాత నేను నీళ్ల కోసం లేచాను. అబ్బా గది తలుపు వేసి ఉంది. లోపలినుంచి పారాయణం వినిపించింది. గొంతు వణుకుతోంది, హెచ్చుతగ్గులు కుదరడం లేదు, కొన్నిచోట్ల మరీ బిగ్గరగా ఉంది. అక్షరాలు మాత్రం ఎక్కడా తప్పలేదు. వెళ్లి ఆ మాట రాసి చూపిద్దామనుకున్నాను, కాని ఆయనను మధ్యలో ఆపడం ఇష్టం లేకపోయింది. చేతిలోని గ్లాసు పక్కన పెట్టి, ఆయన ఆ సూరా ముగించేవరకు తలుపు బయటే కూర్చుని విన్నాను.